అంచు మీద చిల్లులు

మొన్న బెజవాడలో ఒక హోటల్ హాల్లో చేనేత బట్టల ప్రదర్శన పెట్టారు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి కుర్ర డిజైనర్లు ఈ సీజన్ కొత్త కలెక్షన్లు తెచ్చారట. మా మేనకోడలి నిశ్చితార్థం దగ్గరపడుతోంది. "అత్తా, నువ్వు రావాల్సిందే, నీకు బట్ట తెలుసు" అని చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళింది. తలుపు తోసి లోపల అడుగు పెట్టగానే ఏసీ చల్లదనంతో పాటు ఒక వాసన తగిలింది. కొత్త నూలు బట్ట వాసన. గంజి, దూది, కాస్త రంగు కలిసిన వాసన. నేను అక్కడే ఆగిపోయాను. నాన్న రాత్రి ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే మా గదంతా ఇదే వాసన వచ్చేది.

నాన్న పోయి పదేళ్ళు దాటింది. ఆయన చొక్కాలు ఎప్పుడో ఎవరెవరికో ఇచ్చేశాం. ఆ వాసన మళ్ళీ ఇలా దొరుకుతుందని అనుకోలేదు.

* * *

నాన్న వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తా. మేము కొత్తపేటలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. బడి లేని రోజుల్లో ఆయనకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళడం నా పని.

ఆ కొట్లో కుర్చీలు ఉండేవి కావు. నేలంతా పరుపులు, వాటి మీద తెల్లటి దుప్పట్లు, గోడవారన బాలీసులు. చెప్పులు గుమ్మం బయటే విడిచి రావాలి. గుడివాడ, తెనాలి, నూజివీడు, ఏలూరు నుంచి చిన్న కొట్ల వాళ్ళు పొద్దున్నే రైలో బస్సో దిగి వచ్చేవారు. ముందు సోడాలు తెప్పించి, ఊళ్ళో వానలెలా ఉన్నాయి, పంటలెలా ఉన్నాయి అని అడిగి, ఆ తర్వాతే బట్ట తాను విప్పేవారు. వానలు సరిగ్గా పడకపోతే ఎంత మంచి సరుకైనా కదలదని నాన్న అనేవారు. తాను విప్పి విసిరితే అది దొర్లుకుంటూ పరుపు చివరిదాకా పోయేది. ఒకదాని మీద ఒకటి పడుతుంటే దబ్ దబ్ మని మెత్తటి చప్పుడు. మధ్యలో ఎక్కడో పర్రుమని గుడ్డ చింపిన చప్పుడు. కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో లాగితే దారం వెంట తిన్నగా చిరిగిపోవాలి. వంకరపోయిందంటే నేత బాగాలేదని లెక్క.

దసరాకి ముందు, సంక్రాంతికి ముందు, మాఘమాసం పెళ్ళిళ్ళకి ముందు కొత్త సరుకు దిగేది. బేలు చుట్టూ బిగించిన ఇనప పట్టీ కత్తిరించగానే టంగుమని ఎగిరేది. పిల్లల్ని దూరంగా జరగమనేవారు. గోనెపట్టా విప్పేసరికి లోపలి నుంచి గుప్పున ఆ వాసన. ఏ సినిమా బాగా ఆడుతుంటే ఆ సినిమా పేరుతో చీరలొచ్చేవి. హీరోయిన్ కట్టిన చీరకీ దీనికీ పోలిక ఉన్నా లేకపోయినా పేరు మాత్రం అదే. ఆ పేరు చెప్పి అడగడానికి ఆడవాళ్ళు బీసెంట్ రోడ్డు కొట్లకి వెళ్ళేవారు.

నాన్న ఆ రోజు రాత్రి చేతిసంచీలో మచ్చుముక్కలు పెట్టుకుని వచ్చేవారు. భోజనాలయ్యాక అమ్మ ముందు చాప మీద పరిచేవారు. పక్కవాటా పిన్నిగారు, ఎదురింటి మామ్మగారు కూడా వచ్చి కూర్చునేవారు. లాంతరంత లేదు మా బల్బు వెలుతురు. అందుకని రంగు చూడాలంటే ముక్కని బల్బు దగ్గరికి పట్టుకెళ్ళాలి, ఆ పని నాది.

"రంగు బాగుంది గానీ కొంగు బోసిగా ఉంది" అనేది అమ్మ. "ఈ పువ్వు మరీ పెద్దది, పొట్టివాళ్ళకి నప్పదు" అనేవారు పిన్నిగారు. మామ్మగారు ఏమీ అనేవారు కాదు. ముక్క తీసుకుని బుగ్గకి ఆనించుకునేవారు. నచ్చితే ఒళ్ళో పెట్టుకునేవారు, నచ్చకపోతే చాప మీద పెట్టేసేవారు. నాన్న మర్నాడు కొట్టుకెళ్ళి షావుకారుగారికి ఇది ఆడుతుంది, ఇది ఆడదు అని చెప్పేది ఈ ముగ్గురి మాట పట్టుకునే. మామ్మగారి ఒళ్ళో చేరిన రకాలు ఎప్పుడూ మిగలలేదని ఆయన చాలాసార్లు చెప్పారు.

ఇప్పుడు కొత్త కలెక్షన్ మీద ఎవరైనా అభిప్రాయం చెబుతుంటే నాకు ఆ చాపే గుర్తొస్తుంది. చూసి చెప్పడం, తాకి చెప్పడం ఒకటి కాదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను. ఫోన్‌లో బొమ్మ చూసి చీర బాగుందనే వాళ్ళని నేను తప్పుపట్టను, నాకు మాత్రం అది సగం మాటే.

* * *

దసరా తొమ్మిది రోజులూ మా పేటలో ఆడవాళ్ళు పొద్దున్నే అడిగే మొదటి ప్రశ్న, "ఇవాళ అమ్మవారిది ఏ రంగు చీర?" అని. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకి రోజుకొక అలంకారం. బాలాత్రిపురసుందరి, గాయత్రి, అన్నపూర్ణ, లలితాదేవి, మహాలక్ష్మి, ఇలా సాగి మూలా నక్షత్రం రోజుకి సరస్వతీదేవి. ఆ రోజు ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు వస్తాయి, అమ్మవారు తెల్లచీరలో కనిపిస్తుంది. క్యూలో తెల్లవారుజామున నాలుగు గంటలకి నిలబడి, కాళ్ళు లాగుతున్నా, గర్భగుడి దగ్గరికొచ్చేసరికి నా కళ్ళు ముందు చీర అంచు మీదికే పోయేవి. దణ్ణం తర్వాత పెట్టుకునేదాన్ని. నాన్న ఏమనేవారు కాదు. ఆయన కళ్ళూ అక్కడే ఉండేవని నాకు తెలుసు.

కొండ దిగుతూ రంగుల పేర్లు చెప్పించేవారు. చిలకపచ్చ, మామిడిపండు, కనకాంబరం, నెమలికంఠం, గంధం, ఉల్లిపొర రంగు. ఉల్లిపొర రంగు ఏదో నాకు చాలా రోజులు తెలియలేదు. ఒకరోజు అమ్మ ఉల్లిపాయ ఒలుస్తుంటే నాన్న పైపొర తీసి కిటికీలో ఎండకి ఎదురుగా పట్టుకుని చూపించారు. గులాబీ కాదు, గోధుమ కాదు, రెండింటికీ మధ్య, లోపల సన్నటి గీతలతో. ఆ రంగు చీర ఎక్కడ కనిపించినా నాకు ఆ కిటికీ గుర్తొస్తుంది.

* * *

కొట్టు పని మీద నాన్న నెలకోసారి మంగళగిరి వెళ్ళేవారు. వేసవి సెలవుల్లో నన్ను కూడా తీసుకెళ్ళేవారు. అప్పటికి బస్సులు ప్రకాశం బ్యారేజీ మీదుగానే వెళ్ళేవి. బస్సు దిగగానే పదకొండు అంతస్తుల గాలిగోపురం. ముందు కొండెక్కి పానకాలస్వామికి పానకం పోయించి, సగం వెనక్కి ప్రసాదంగా తెచ్చుకుని, ఆ తర్వాతే నేతగాళ్ళ వీధులకి. గోపురం కనిపించకపోయినా మగ్గాల చప్పుడు పట్టుకుని ఆ వీధులకి వెళ్ళిపోవచ్చు. ప్రతి ఇంట్లోంచీ టక టక, టక టక. ఒక ఇంటి చప్పుడు ఆగితే పక్కింటిది వినపడేది.

తెల్లారుజామున వెళితే వీధి పొడుగునా పడుగు పరిచి ఉండేది. రంగు రంగు దారాలు వందల కొద్దీ, గుంజలకి బిగించి, ఆడా మగా రెండు వైపులా నిలబడి కుంచెలతో గంజి పట్టించేవారు. ఎండ ముదిరేలోపు అయిపోవాలి. వాన చినుకు పడితే ఇక ఆ రోజు పని పోయినట్టే. దాని కింద నుంచి కోడిపిల్లలు దూరి పోతుంటే, పిల్లలు వాటిని తోలుతూ కాపలా.

నాన్న ఎక్కువగా వెళ్ళే ఇంట్లో ఒక తాతగారు నేసేవారు. గుంటమగ్గం. గుంట గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసి కింది కర్రలు తొక్కుతూ నేయాలి. నేల చెమ్మ దారానికి తగులుతూ ఉంటే తెగదట. నేను గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలో పెట్టేదాన్ని. మే నెలలో కూడా అక్కడ చల్లగా ఉండేది.

నూలు కౌంటు అంటే ఏమిటో నాకు ఆ తాతగారే చెప్పారు. "ఒక చిలప, అంటే నూలు చుట్ట, పొడుగు 840 గజాలమ్మా. ఒక పౌను బరువుకి అలాంటి చిలపలు ఎన్ని తూగితే అంత కౌంటు. మాది 80. అంటే పౌను నూలుకి 80 చిలపలు తూగాలి. దారం ఎంత సన్నమో నువ్వే లెక్కేసుకో." నేను వేలితో నేల మీద గుణించాను. అరవై ఏడు వేల రెండు వందల గజాలు. చూపిస్తే తాతగారు మగ్గం ఆపి నవ్వారు.

అంచు గురించి చెప్పింది నాన్న. మంగళగిరి చీర ఒంటి మీద పువ్వులు, తీగలు ఉండవు, అందమంతా అంచులోనే. నిజాం అంచు అంటే జరీతో వరసగా చిన్న చిన్న గోపురాలు. ఆయన ఆ గోపురాలు చూపించి, చీర ఇంకాస్త అవతలికి, గుడ్డ అంతమయ్యే చోటికి నా బొటనవేలు జరిపారు. "తడిమి చూడు." గరుకుగా సన్నటి చిల్లులు తగిలాయి, అంచు పొడుగునా, రెండు వైపులా. నేసిన గుడ్డ వెడల్పు తగ్గిపోకుండా మగ్గం మీద అడ్డంగా ఒక బద్ద బిగిస్తారు, దాని రెండు కొసలకీ సూదుల్లాంటి మేకులుంటాయి. నేత ముందుకి సాగిన కొద్దీ ఆ బద్దని తీసి ముందుకి గుచ్చుతారు. ఆ గుచ్చిన గుర్తులే ఈ చిల్లులు.

"మనిషి కూర్చుని నేశాడనడానికి ఇదే సంతకం అమ్మాయ్" అన్నారు నాన్న.

* * *

ఒక దసరా మా ఇంట్లో కొత్త బట్టలు లేవు. కొట్లో ఆ ఏడాది మరమగ్గం చీరలు వచ్చాయి. చూడటానికి అచ్చం మంగళగిరి చీరల్లాగే, నిజాం అంచుతో సహా. ధర సగం. వాటిని చేనేత అని చెప్పి అమ్మమని పైనుంచి మాట. తెనాలి దగ్గర నుంచి ఒకాయన వచ్చారు, చిన్న కొట్టు, మాటకి నిలబడే మనిషి. ఆయన సూటిగా నాన్ననే అడిగారు, "ఇవి చేనేతేనా గుమాస్తాగారూ?" అని. నాన్న ఒక చీర తీసి అంచు ఆయన చేతికిచ్చి, "తడిమి చూడండి, మీకే తెలుస్తుంది" అన్నారు. ఆయన చీరలు తీసుకోకుండా వెళ్ళిపోయారు.

నాన్నకి ఆ ఏడాది బోనస్ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఎవరూ చెప్పలేదు, నాన్న అడగలేదు. ఇంటికొచ్చి అమ్మకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పారు. నేను నిద్రపోయాననుకుని చెప్పారు.

మర్నాడు అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి తన పెళ్ళినాటి మంగళగిరి చీర తీసింది. వంకాయ రంగు, ఆకుపచ్చ అంచు. మడతల దగ్గర కొద్దిగా నలిగింది గానీ గుడ్డ గట్టిగానే ఉంది. నలిగిన చోట్లు తప్పించి కొలతలు వేసి, సుద్దముక్కతో గీసి, తన మిషన్ మీద నాకు లంగా కుట్టింది. నిజాం అంచు కాళ్ళ దగ్గర చుట్టూ తిరిగేలా పెట్టి, కొంగులో మిగిలిన జరీతో జాకెట్టు చేతులకి పట్టీలు వేసింది. అంచు చివర కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టింది. ఆ లంగా వేసుకుని కొండ మీదికి వెళితే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఆపి, ఎక్కడ కొన్నారని అమ్మని అడిగారు. అమ్మ మొహం ఆ రోజు ఎంత వెలిగిందో నేను చెప్పలేను.

* * *

2000లో ఢిల్లీలో మొదటిసారి ఇండియా ఫ్యాషన్ వీక్ జరిగింది. టీవీలో ముక్కలు ముక్కలుగా చూపించారు. నాన్న కళ్ళజోడు సవరించుకుని ముందుకి జరిగి చూశారు. "బట్ట దగ్గరగా చూపించరేం?" అని రెండుసార్లు అన్నారు. నడిచే అమ్మాయిల్ని ఆయన చూడలేదు, మలుపు దగ్గర గుడ్డ ఎలా పడుతోందో చూశారు.

తర్వాత తర్వాత మన నేతలు ఆ మెట్లెక్కాయి. హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా, నేస్తూనే చేత్తో పువ్వులు వేసే జాందానీ నేతని పట్టుకుని పెద్ద పెద్ద వేదికల మీదికి తీసుకెళ్ళారు. 'మహానటి' దుస్తులకి ఆయనకీ, ఆయనతో పనిచేసిన మరో ఇద్దరికీ 2019లో జాతీయ అవార్డు ప్రకటించారు. అదే ఏడాది నిర్మలా సీతారామన్ బడ్జెట్ రోజున గులాబీ రంగు మంగళగిరి పట్టుచీర కట్టుకుని, ఎర్రటి సంచీ పట్టుకుని నిలబడితే, అమ్మ నాకు ఫోన్ చేసి బడ్జెట్ సంగతి ఒక్క ముక్క మాట్లాడలేదు. "అంచు చూశావా?" అంది. ఆ తర్వాత కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

* * *

ఇక ఆ హోటల్ హాలు. నేను చూసినవన్నీ చెప్పను, మనసుకి పట్టినవి చెబుతాను.

పెడన కలంకారీ జాకెట్లు ఒక వరస ఉన్నాయి. కరక్కాయ, గేదెపాలల్లో నానబెట్టిన గుడ్డ, తుప్పు ఇనుము, బెల్లం ఊరిన నీళ్ళతో వచ్చే నలుపు, పటిక పెట్టి తెచ్చే ఎరుపు. తిరగేసి చూశాను. రంగు వెనక్కి దిగింది. ఒక అచ్చు అయిపోయి రెండోది మొదలయ్యే చోట వెంట్రుకవాసి తేడా కనిపించింది, తీగ అక్కడ కాస్త తడబడింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. పక్క స్టాల్లో అవే బొమ్మలతో గౌన్లు ఉన్నాయి. ఎక్కడా తడబాటు లేదు, వెనక తెల్లగా ఉంది. కంప్యూటర్ ప్రింటు. బాగా కుట్టారు, ఆ కుట్టు పనికి దణ్ణం పెట్టొచ్చు. కానీ చీటీ మీద కలంకారీ అని రాయడం నాకు నచ్చలేదు, ఆ మాట అక్కడున్న అబ్బాయికి నెమ్మదిగా చెప్పాను కూడా.

ఉప్పాడ జాందానీ చీర ఒకటి చూశాను. ముందు వెనక తేడా తెలియలేదు. రంగు చీటీ మీద 'టీల్' అని ఉంది. నెమలికంఠం అని పైకే అన్నాను.

మా మేనకోడలు మొదట మోజుపడింది ఒక లెహంగా మీద. మంగళగిరి గుడ్డే, కానీ దాని మీద అద్దాలు, పూసలు, జర్దోజీ, కొంచెం కూడా ఖాళీ లేకుండా కుట్టేశారు. అంచు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. చేత్తో ఎత్తితే మణికట్టు నొప్పి పుట్టింది. 80 కౌంటు నూలు గాలిలాంటిది. దాని మీద అంత బరువు వేస్తే ఆ నేతకి అన్యాయం జరిగినట్టే. అదే మాట దానికి చెప్పాను. అది మొహం చిన్నబుచ్చుకోలేదు, "అయితే నువ్వే చూపించు" అంది.

చివరి వరసలో ఒక పొడుగాటి కోటు ఉంది. పాలమీగడ రంగు మంగళగిరి నూలు. ఎంబ్రాయిడరీ లేదు. గుండీల పట్టీ ఉండాల్సిన చోట మెడ నుంచి కింది దాకా నిజాం అంచు నిలువుగా దింపారు. అడ్డంగా చూడటానికి అలవాటుపడ్డ కళ్ళకి ఆ గోపురాలు నిలువుగా వరసకట్టడం ఎంత కొత్తగా ఉందో. ధర చీటీ చూస్తే నాన్న రిటైరయ్యేనాటి కొన్ని నెలల జీతం. చెయ్యి దానంతటదే పట్టీ లోపలికి పోయింది. మడిచి కుట్టిన అంచు చివర బొటనవేలికి గరుకుగా తగిలాయి, ఒకదాని పక్కన ఒకటి.

"ఏం వెతుకుతున్నారు ఆంటీ?" అంది అక్కడి అమ్మాయి. ఆ కలెక్షన్ తనదే. పాతికేళ్ళు ఉంటాయేమో. నేను అంచు చూపించాను. ఆమె గబగబా, "అవి డ్యామేజీ కాదండీ, కొంతమంది కస్టమర్లు వెనక్కి పంపేస్తుంటే లోపలికి మడిపించాను" అంది. పాపం, నేను కూడా ఫిర్యాదు చేస్తాననుకుంది. డ్యామేజీ కాదని నాకు తెలుసు తల్లీ, అని నాన్న చెప్పినట్టే చెప్పాను, బద్ద, మేకులు, గుంట చల్లదనం, అన్నీ. ఆమె వింటూ తన బొటనవేలు అంచు మీద పెట్టి మెల్లగా కింది దాకా తీసుకెళ్ళింది. మంగళగిరిలో తనకి నేసిచ్చే ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పింది. నాకు ఆ వీధి తెలుసు.

మేనకోడలు ఆ కోటే తీసుకుంది.

ఇంటికొచ్చాక అమ్మ చేతికిచ్చాం. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు ఆవిడకిప్పుడు. ముందు వైపు చూడనే లేదు, తిరగేసింది. బుగ్గకి ఆనించుకుంది, అచ్చం మామ్మగారిలా. తర్వాత వేలు అంచు మీదికి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉంచింది.

"మనవైపుదే" అంది. "గంజి పోయేదాకా రెండు ఉతుకులు పడాలి. అప్పుడే తొడుక్కోమను, మెత్తగా ఉంటుంది."

పొద్దున ఉతుకుతానని మేనకోడలికి చెప్పి కోటు నా దగ్గరే ఉంచుకున్నాను. పడుకోబోయే ముందు దాన్ని మా గదిలో తలుపు వెనక కొక్కేనికి తగిలించి, ఫ్యాను వేశాను.